చల్లటి గదిలో ఆరు బ్యాటరీలు

కర్నూలు,
7 ఏప్రిల్ 2025

తాతకు సలాం.

క్షేమంగా చేరాను. మైదుకూరులో సీటు దొరికింది, నంద్యాల దాటాక నిద్ర పట్టింది, కర్నూలులో కండక్టరు లేపాడు. హాస్టలు గదిలో నలుగురం ఉన్నాం. ఫ్యాను ఒకటే. దాని గాలంతా శివజ్యోతి అనే ఆదోని అమ్మాయి మంచం మీదికే పోతుంది. శిక్షణ రెండు నెలలు. ఇది పాసైతే డ్రోన్ ఎగరేయడం ఇంకొకరికి నేర్పే అర్హత కూడా వస్తుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? నీకు ఫోన్‌లో వినపడదు. అవ్వకు చెబితే బ్యాటరీల మాట వంకాయ కూరలో కలిసిపోయి, నీదాకా వంకాయలే వస్తాయి. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివి గోడకు అంటించుకో.

మన ఇంట్లో వదిలి వచ్చిన ఆరు బ్యాటరీలూ మహిళా సంఘానివి. వానలు పడి పైర్లు లేచాక డ్రోన్‌తో మందు కొట్టాలంటే అవే దిక్కు. వాటిని సంఘం షెడ్డులోనే ఉంచమని లక్ష్మీదేవమ్మత్త చెప్పింది. రేకుల షెడ్డు తాతా అది! ఏప్రిల్‌లోనే లోపల నిలబడలేం. వేడికి ఇవి చెడిపోతాయని రెండుసార్లు చెప్పి చూశాను. "మనుషులం రేకుల కింద బతకడంల్యా? వాటికేమి రోగం?" అంది. సంఘానికి అధ్యక్షురాలు, ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. బయల్దేరే ముందురోజు చెప్పకుండా మన ఇంటికి మోసుకొచ్చాను. ఆమె వచ్చి అడిగితే వినపడనట్టు ఉండు. అది నీకు చేతనైన పనే.

ఇక అసలు సంగతి. చల్లగా, తడి లేని చోట పెట్టు. ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. పొయ్యి దగ్గర వద్దు, ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, సగం ఛార్జితోనే ఉంచాలి. పదిహేను రోజులకొకసారి టెస్టరు పెట్టి చూడు. యాభైకి అటూ ఇటూ ఉంటే ముట్టుకోవద్దు. బాగా తగ్గితేనే ఛార్జరుకు తగిలించి ఆకుపచ్చ బొత్తాం నొక్కు. తక్కువైతే ఎక్కించి, ఎక్కువైతే దించి, సగం కాగానే అదే ఆగిపోతుంది. ఎర్ర బొత్తాం నిండా ఎక్కిస్తుంది. దాని జోలికి పోవద్దు.

బస్టాండు దగ్గర నలభై ఏళ్లు లారీ బ్యాటరీలు బాగు చేసినవాడివి. బద్వేలులో బ్యాటరీ గురించి నీకన్నా తెలిసిన మనిషి లేడు. నా భయమంతా అదే.

నీ మనవరాలు
శిరీన్


బద్వేలు,
12 ఏప్రిల్ 2025

మీ తాతకు బ్యాటరీలు నేర్పేంత పెద్దదైపోయిన శిరీన్‌కు,

మదార్ సాహెబ్ దువా చేసి రాసేది. ఉత్తరం అందింది. చెప్పినట్టే గోడకు అంటించాను. మీ అవ్వ బషీరాబీ దాన్ని చూసి, "మన నిఖా కాగితం గూడ ఇంత బద్రంగా పెట్టలే నువ్వు" అంది.

బ్యాటరీలను నడిమి గదిలో పెట్టాను. పైన బండల మిద్దె, చుట్టూ రెండడుగుల గోడ. ఇంట్లో అంతకన్నా చల్లటి చోటు లేదు. చెక్క బల్ల మీద ఆరింటినీ జానెడు దూరంలో వరుసగా పడుకోబెట్టాను. నా మంచం, మీ అవ్వ మంచం వాకిట్లోకి వచ్చాయి. "పెండ్లయి నలబై ఎనిమిదేండ్లాయ. నాకెప్పుడన్నా ఇట్ల గది ఇడిసిపెట్టినావా?" అని మీ అవ్వ అడిగింది. నాకు వినపడలేదు.

నిన్న లక్ష్మీదేవమ్మ వచ్చింది. మా ఇద్దరి మాటలూ మీ అవ్వ పక్కన నిలబడి విని, తర్వాత నాకు చెప్పి నవ్వింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మామా, బ్యాటరీలు షెడ్డులో లేవు. యాడుండాయి?"

"బాగుండాడమ్మా. నిన్ననే ప్రొద్దుటూరు పోయినాడు."

"మనిషి గాదు మామా! బ్యాటరీలు, బ్యాటరీలు!"

"బాదుషాలా? రంజాన్ అయిపాయ గదమ్మా, ఇంగేడివి?"

పాపం ఆమె నా చెవిలో నోరు పెట్టి అరిచింది. వీధిలో అందరికీ వినపడింది, నాకు తప్ప. చివరికి మీ అవ్వే, శిరీన్ ఎక్కడో భద్రంగా పెట్టి పోయింది, వచ్చాక చూపిస్తుందని సర్దిచెప్పి, గ్లాసెడు మజ్జిగ ఇచ్చి పంపించింది. పోతూ పోతూ, పోరుమామిళ్లలో డ్రోన్ తోలే మనిషి ఒకడున్నాడని, నీకు కుదరకపోతే అతన్ని పెట్టుకుంటామని మీ అవ్వతో అందట. నువ్వు భయపడతావని ఈ మాట రాయకూడదు అనుకున్నాను. రాసేశాను.

ఇక నీ సగం సంగతి. లారీ బ్యాటరీని సగంలో వదిలితే లోపలి ప్లేట్లు తెల్లబడి చచ్చిపోతుంది. నిండా ఎక్కించి పెట్టడమే దానికి ఆయుష్షు. నువ్వేమో ఆరుగురిని రెండు నెలలు అర్ధాకలితో పడుకోబెట్టమంటావు. మీ హాస్టల్లో నీకు కూడా సగం అన్నమే పెడుతున్నారా?

వాకిట్లో పడుకుంటున్న
మీ తాత


కర్నూలు,
17 ఏప్రిల్ 2025

చెవిటి సుల్తాను గారికి సలాం.

బాదుషాల దగ్గర ఎంత నవ్వానంటే, శివజ్యోతి ఉత్తరం లాక్కుని చదివి అందరికీ వినిపించింది. ఇప్పుడు హాస్టల్లో నువ్వు తెలియనివాళ్లు లేరు. అయితే పోరుమామిళ్ల మనిషి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ మాట నిజమేనా? చీరల కొట్లో పొద్దంతా మడతలు విప్పి మళ్లీ మడతలు పెట్టే పని వదిలి దీంట్లోకి వచ్చాను. ఏడాది తిరక్కుండానే రైతులు నన్ను పేరు పెట్టి పిలిచి, ఎప్పుడొస్తావని అడుగుతున్నారు. మళ్లీ ఆ కొట్లో కూర్చోలేను తాతా.

సగం సంగతి మా హనుమేష్ సారును అడిగాను. నువ్వు చెప్పింది లారీ బ్యాటరీకి నూటికి నూరుపాళ్లు నిజమట. "మీ తాత సరైన మనిషే, బ్యాటరీనే వేరు" అన్నారు. అందులో సీసం, ఇందులో లిథియం. దీన్ని నిండా ఎక్కించి వేడిలో వారాల తరబడి ఉంచితే లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదు. కాబట్టి వాటికి ఆకలేస్తుందని జాలిపడకు. అవి నిద్రలో ఉన్నాయి. నిద్రలో ఉన్నవాళ్ల నోట్లో ఎవరైనా అన్నం కుక్కుతారా?

టెస్టరు పెట్టి ఆరింటి అంకెలూ రాసి పంపు. కథలు వద్దు. అంకెలు.

మా హాస్టల్లో అన్నం నిండానే పెడుతున్నారు. పప్పే సగం.

శిరీన్


బద్వేలు,
5 మే 2025

శిరీన్‌కు తాత దువా.

జవాబు ఆలస్యమైంది. ఎండలు అట్లా ఉన్నాయి. మధ్యాహ్నం పూట బయటికి పోయి పోస్టు డబ్బా మూత తెరిస్తే చెయ్యి కాలేట్టుంది. మన వీధి కుక్కలన్నీ అబూబకర్ మిషను కుట్టే అరుగు కింద చేరాయి. గుడ్డ ముక్క కింద పడితే తియ్యడానికి భయపడుతున్నాడు.

మీ అవ్వ మన మీద అలిగి కడప పోయింది. మీ మేనత్త ఇంట్లో కూలరు ఉంది గదా. "నువ్వు నీ బ్యాటరీలతో కాపురం చేసుకో పో" అని, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తీసుకుని బస్సెక్కింది. పదిహేను రోజుల తర్వాత వస్తుందట. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు రెండుసార్లు, ఒకరోజు అసలు లేదు.

అంకెలు అడిగావు. అన్నీ ఎంత ఉండాలో అంత ఉన్నాయి. ఎవరికీ ఏ లోటూ చేయలేదు. మూడో నంబరు మటుకు కాస్త ఒళ్లు చేసింది. మధ్యలో పొట్టలాగా వచ్చింది. మన ఇంటి గాలి పడినట్టుంది. మూత ఉంటే విప్పి గాలి వదిలేవాణ్ని, మా లారీ బ్యాటరీలకు అదే వైద్యం. వీటిని చేసినవాడు మూత కూడా పెట్టలేదు.

అన్నట్టు, మీ అవ్వ దబ్బనం ఎక్కడ దాస్తుందో నీకేమైనా తెలుసా? మూడు రోజులుగా వెతుకుతున్నాను. దొరికితే ఒక గంట పని.

మదార్ సాహెబ్


కర్నూలు,
8 మే 2025, మధ్యాహ్నం

తాతా,

దబ్బనం ముట్టుకోవద్దు. దానికి రంధ్రం పెట్టవద్దు. పొడిస్తే గాలి పోదు, మంట లేస్తుంది. నీళ్లు పోసినా చప్పున ఆరదు. నొక్కవద్దు, ఛార్జింగు పెట్టవద్దు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి రెండు మూడు రోజులు పడుతుందని తెలుసు. చేతులు ఊరుకోక రాస్తున్నాను. నీ ఉత్తరం క్లాసులో తెరిచాను. దబ్బనం మాట చదివి బయటికి పరిగెత్తాను. ముందు అవ్వకు ఫోన్ చేశాను. తాత దబ్బనం వెతుకుతున్నాడు అనగానే, నన్ను ఇంకో మాట మాట్లాడనివ్వకుండా, "బియ్యం డబ్బా ఎనకాల ఉండాది, తీసుకోమను" అంది. అబూబకర్ అన్నకు ఏడుసార్లు చేశాను, ఎత్తలేదు. ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు.

లక్ష్మీదేవమ్మత్తకు చేశాను. షెడ్డులోంచి తెచ్చిన సంగతి, మన ఇంట్లో ఉన్న సంగతి, మూడోది ఉబ్బిన సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. "నేను పోతాండా" అని పెట్టేసింది. ఇప్పుడు ఆమె కూడా ఎత్తడం లేదు.

తాతా, నిజం చెప్పు. ఎర్ర బొత్తాం నొక్కావా?

సాయంత్రం ఐదున్నర. అత్త ఇప్పుడే ఎత్తింది. "మీ తాతకు ఏం గాలే. ఇల్లు బాగుండాది. మిగిలింది ఆయన్నే రాయమను. సంఘం కూసునేది ఉండాది" అని పెట్టేసింది. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. శివజ్యోతి తన మంచం, ఫ్యాను గాలితో సహా, ఈ రోజుకు నాకు ఇచ్చింది.

శిరీన్


బద్వేలు,
11 మే 2025

శిరీన్‌కు,

ముందు నా మీద వేసిన నింద తుడుస్తాను. నలభై ఏళ్లు బ్యాటరీలతో బతికినవాణ్ని. లోపల ఏముందో తెలియని డబ్బాను దబ్బనంతో పొడుస్తానా? దబ్బనం కావాల్సింది గోనె సంచులు కుట్టడానికి. నడిమి గది కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీస్తే గది ఇంకా చల్లబడుతుందని నా ఆలోచన. ఇప్పుడు తడి మాట గోడ మీద చదివి అది కూడా మానుకున్నాను.

ఆ రోజు నేను వాకిట్లో కూర్చుని, దొరికిన దబ్బనంతో సంచి కుడుతున్నాను. ఎదురుగా దుమ్ము లేచింది. చూస్తే లక్ష్మీదేవమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తోంది. ఆమె వెనక సంఘం ఆడవాళ్లు నలుగురు, ఇద్దరి చేతుల్లో ఇసుక బక్కెట్లు. వచ్చీ రాగానే నా చేతిలోని దబ్బనం లాగి వీధిలోకి విసిరింది.

"పొడిసినావా మామా? పొడిసినావా?" ముఖానికి ముఖం పెట్టి అడిగింది కాబట్టి పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

"ఆ, రెండు సంచులు అయిపాయ. ఇంగొకటి ఉండాది" అన్నాను.

ఆమె అక్కడే కూలబడింది. తర్వాత అసలు సంగతి అందరం అందరికీ సైగలతో చెప్పుకునేసరికి చాలాసేపు పట్టింది. మూడో నంబరును నేనే బయటికి తెస్తానన్నాను. నన్ను పక్కకు తోసి లక్ష్మీదేవమ్మే లోపలికి పోయింది. పారలో ఇసుక పరిచి, దాని మీద బ్యాటరీని పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పెరటి మూలకు తెచ్చి ఇసుకలో పెట్టింది. మిగతా ఆడవాళ్లు ఇసుక బక్కెట్లు పట్టుకుని ఆమె వెనకే నడిచారు.

ఇప్పుడు నీ ప్రశ్న. నొక్కాను. ప్రతి శుక్రవారం నమాజు చేసి వచ్చి ఆరింటికీ ఎర్ర బొత్తామే నొక్కాను. మదార్ సాహెబ్ అంగట్లోంచి పోయిన బ్యాటరీ దారిలో దిగిపోయిందనే మాట నేను ఎన్నడూ పడలేదు. నువ్వు బస్సు దిగిన రోజే ఏ రైతన్నా పిలిస్తే, ఛార్జి లేదనే మాట నీ నోటి నుంచి రాకూడదనుకున్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. నీ ఉత్తరం గోడ మీద నుంచి నన్నే చూస్తుంటే, బొత్తాం నొక్కేటప్పుడు దానికి వీపు పెట్టి నిలబడేవాణ్ని. దాన్ని బట్టి తప్పని నాకు కూడా తెలుసనే చెప్పాలి.

నిన్న సంఘం కూర్చుంది. శిరీన్ తప్పేమీ లేదు, చెడగొట్టింది నేను అని లేచి చెప్పాను. మిగిలిన ఐదింటినీ ఆకుపచ్చ బొత్తాంతో సగానికి దించాము. నిన్ను ఉంచాలా, పోరుమామిళ్ల మనిషిని పిలవాలా అనేది ఇరవయ్యో తేదీ తేలుస్తారట.

ఈసారి అంకెలు రాస్తున్నాను. యాభై, యాభై ఒకటి, నలభై తొమ్మిది, యాభై, యాభై.

మీ తాత


కర్నూలు,
15 మే 2025

తాతా,

నిన్ను ఆట పట్టించడానికి ఈరోజు మనసు రావడం లేదు. ఒక సంగతి చెప్పాలి.

ఆరూ ఒకే గదిలో ఉన్నాయి. ఆరింటికీ ఎర్ర బొత్తామే నొక్కావు. మరి మూడోదే ఎందుకు ఉబ్బింది? నాకు తెలుసు.

ఫిబ్రవరిలో మిరప చేలో మందు కొట్టి వస్తుంటే, బండి మీద నుంచి మూడో నంబరు జారి గట్టు రాయి మీద పడింది. మూల లోపలికి పోయింది. ఆ రోజే పక్కన పెట్టేయాలి, సంఘానికి చెప్పాలి. చెబితే పైలట్‌గా తీసేస్తారని భయం. సొట్ట కనపడకుండా దాని మీద నంబరు కాగితం అంటించాను. ఆ తర్వాత ఇరవైసార్లకు పైగా దాన్ని ఎగరేశాను. రైతులు తొందరపెడితే, ఎగిరి దిగిన వేడి ఆరకముందే ఛార్జింగు పెట్టాను. నీకు ఎన్ని నీతులు రాశానో, అన్నిటినీ నేనే తప్పాను.

నువ్వు నిలబడి తప్పంతా నాదే అన్నావని చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఇందులో సంఘానికి ఒక కాగితం పెట్టాను. ఇప్పుడు నీకు రాసిందంతా అందులో ఉంది. ఇరవయ్యో తేదీన అందరి ముందు చదువు. నువ్వే చదవాలి. మధ్యలో ఎవరేమన్నా నీకు వినపడదు కాబట్టి ఆగకుండా చివరిదాకా చదవగలిగేది నువ్వొక్కడివే.

వాళ్లు పోరుమామిళ్ల మనిషినే పిలిస్తే పిలవనీ.

శిరీన్


బద్వేలు,
22 మే 2025

మా ఇంటి దొంగ శిరీన్‌కు, అదే ఇంటి ఇంకో దొంగ రాసేది.

సొట్ట సంగతి నాకు తెలుసు. నువ్వు పోయిన మర్నాడే తెలుసు. వరుసగా పడుకోబెడుతుంటే మూడోదాని మూల, కాగితం కింద, బొటనవేలికి తగిలింది. రోజుకు పాతిక బ్యాటరీలు ఎత్తి దించిన చేతులు ఇవి. అడుగుదామనుకున్నాను. నువ్వే చెబుతావేమో చూద్దామని ఊరుకున్నాను. చెప్పడానికి నీకు నలభై రోజులు పట్టింది. ఎర్ర బొత్తాం సంగతి చెప్పడానికి నాకూ దాదాపు అంతే పట్టింది. కాబట్టి నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. అయినా దెబ్బ తిన్నదాన్ని మనుషుల నెత్తి మీద ఎగరేశావు చూడు, అది మటుకు నువ్వు చేయకూడని పని. ఈ ఒక్క మాటా తాతగా కాదు, మేస్త్రీగా అంటున్నాను.

నీ కాగితం చదివాను. నా గొంతు నాకు వినపడదు గదా, గట్టిగా చదివినట్టున్నాను. చదవడం అయ్యేసరికి సంఘంతోపాటు వీధి కూడా అరుగు ముందు చేరింది. మధ్యలో చిన్న ఈరన్న భార్య లేచి చేతులు తిప్పుతూ ఏదో అంది. ఏమందో తర్వాత అబూబకర్ రాసి చూపించాడు. "మా చేలో మేముండంగానే ఎగరేసిండాది గదా! మా మీద పడింటే?" అందట. ఆ కోపం న్యాయమైనది. నువ్వు వచ్చాక ఆమె ఇంటికి పోయి కూర్చుని మాట్లాడు.

తర్వాత లక్ష్మీదేవమ్మ అందరినీ లేపి, కోళ్ల ఫారం నుంచి వేడి చూసే మీటరు తెప్పించి, షెడ్డుకు తీసుకుపోయింది. షెడ్డులో నలభై ఏడు. మన నడిమి గదిలో ముప్పై మూడు. "బ్యాటరీలు ఈడనే ఉంటాయి. పాప వచ్చినాక పాపే ఎగరేస్తాది. దెబ్బ తగిలితే ఆ దినమే చెప్పల్ల, అదొక్కటే" అంది. పోరుమామిళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఐదింటితో ఈ వానకారు పంట నెట్టుకురావాలి.

మూడో నంబరును నిన్న కడపలో అమ్మినవాళ్ల దగ్గరే అప్పగించి వచ్చాము. చెడినవి వాళ్లే తీసుకుంటారట. కొసలకు టేపు చుట్టి, ఇసుక బక్కెట్లో పెట్టి, ఆటోలో వెళ్లాము. మీ అవ్వను కూడా తీసుకొద్దామని మీ మేనత్త ఇంటి ముందు ఆపితే, బక్కెట్టు చూసి, "అది దిగినాకనే నేను ఎక్కేది" అని తలుపేసుకుంది. అది దిగాకనే ఎక్కింది. నడిమి గదిలో ఒక మూల తన మంచం వేయాల్సిందేనంది. వేయడానికి వీల్లేదని నువ్వే ఉత్తరం రాసి గోడకు అంటించాలి. నా వల్ల కాదు.

పరీక్ష బాగా రాయి. పప్పు సగమే పెట్టినా అన్నం నిండా తిను.

మదార్ సాహెబ్


శిరీనా, నేను లక్ష్మీదేవమ్మను. మీ తాత బంక కోసరం లోపలికి పోయినాడు. కాగితం అడుగున సోటుంటే రాస్తాండా.

ఆ దినం బ్యాటరీని పారలోకి ఎత్తేముందు ఒకతూరి గడపదాకా ఎనక్కి వచ్చినా. ఎవురూ చూడలే. సంవత్సరం నుంచి సంఘం డ్రోన్ అని యాడ పడితే ఆడ సంతకాలు పెడ్తాండా గానీ, ఒక్కతూరి గూడ దాన్ని ముట్టుకోలే. శానా భయం నాకు. ఆ భయానికే నీ మీద అరుస్తాంటి. రేకుల షెడ్డు వద్దని నువ్వు రెండుతూర్లు చెప్పినావు. మీ తాతకంటే చెవుడు, నాకేమొచ్చిందో.

నువ్వు నేర్పే చదువే చదువుతాండావంట గదా. నాకు యాభై రెండు. అద్దాలు పెట్టుకుంటే దూరం బాగనే కనపడతాది. ఎగరేసేది నాకు నేర్పుతావా? ఇంట్లో చెప్పలే, సంఘంలో చెప్పలే. పొద్దున్నే ఎవురూ లేనప్పుడు పోదాం.

మీ తాత వస్తాండాడు. కవరు నేనే అంటిస్తాలే.